ఊరి చుట్టూ మళ్ళీ కంప కొట్టాలా? రోగం రాకముందే ఏం రాసిపెట్టుకోవాలి?

చెరువుగట్టు
జగిత్యాల దిక్కు ఓ చిన్న పంచాయతీల కార్యదర్శిగ పనిచేస్తున్న. అంటురోగం వస్తే ఊరు ఏం చెయ్యాలె, ఎవరు చెయ్యాలె అని ముందుగాల్నే రాసిపెట్టుకుందామని మా ఆరోగ్య కమిటీల అనుకున్నం. కూసున్న పది నిమిషాలకే పేచీ మొదలైంది. "వార్త తెల్వంగనే ఊరి తొవ్వలన్నీ మూసెయ్యాలె" అని మొదటి లైను రాయమంటున్నరు పెద్దమనుషులు. నాకు చెయ్యి ఆడుతలేదు.

ఎందుకంటే 2020 మార్చి ఆఖర్ల కరోనా అప్పుడు కంప కొట్టించింది నేనే. మూడు తొవ్వలకు తుమ్మకంప, నాలుగో దానికి ట్రాక్టర్ ట్రాలీ అడ్డం. అప్పుడు అదే కరెక్టనుకున్న. మే నెలల భివండి మగ్గాల కాడి నుంచి మా ఊరోళ్ళే పదకొండు మంది వచ్చిన్రు. కొంత దూరం లారీ, కొంత దూరం నడక. కంప అవుతల నిలబడ్డరు. వాళ్ళ ఇండ్లు అక్కడికే కనబడతయి. ఒకాయన తల్లి సద్దిగిన్నె తెచ్చి నడితొవ్వల పెట్టి పది అడుగులు ఎనుకకు జరిగింది. అప్పుడు ఆయనొచ్చి తీసుకున్నడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలే. పద్నాలుగు దినాలు మామిడితోటల మోటరు కొట్టంల ఉంచినం. ఒక్క బల్బు, లెట్రిన్ లేదు. ఎవ్వరికీ రోగం లేకుండె. ఆయన ఇప్పటికీ నేను ఎదురుపడితే తల తిప్పుకుంటడు.

మళ్ళ అసొంటిది వస్తే కంప కొట్టకుంట ఊకుంటమా? కొడితే ఎట్ల కొట్టాలె? మీ ఊర్లల్ల ఏం జరిగిందో చెప్పున్రి.

నల్లరేగడి
కొట్టాల్సిందే కార్యదర్శి గారూ. మా ఊళ్ళో మొహమాటపడ్డాం. 2021 ఏప్రిల్లో పక్కవీధి పెళ్ళికి, టెస్టులో పాజిటివ్ అని తెలిసిన మనిషే వచ్చి బంతిలో వడ్డించాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ బంతిలో కూర్చున్నవాళ్ళలో మా నాన్న ఒకరు. మే 9న పోయారు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కవర్లో ఆయన కళ్ళజోడు, చేతిగడియారం ఉన్నాయి. గడియారం ఇంకా నడుస్తోంది. పక్కవాడికి రోగముందని తెలుసుకునే హక్కు నాకు లేదా?

గోదారిగట్టు
చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు నల్లరేగడి గారూ. మీ కోపంలో న్యాయం ఉంది.

సింగరేణి_బిడ్డ
మా ఊర్ల గూడ కొట్టిన్రు. ఏప్రిల్ల ఒక పిల్లకు నొప్పులొచ్చినయి. ఆటో కంప కాడ ఆగింది. కొట్టేటప్పుడు ఇరవై మంది ఉరికొచ్చిన్రు గని, తీసేటప్పుడు గొడ్డలి ఎవరింట్ల ఉందో ఎవలకు ఎరుకలేదు. ఆఖరుకు మంచం మీద పండవెట్టి పొలంగట్టు మీదికెల్లి మోసుకపోయినం. పాప మంచిగుంది, ఇప్పుడు బడికి పోతుంది. అందరం కంప పాప అనే పిలుస్తం.

ఏఎన్ఎమ్_అక్క
పందొమ్మిదేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్న మనిషిని. నల్లరేగడి తమ్ముడూ, ఆ వడ్డించినాయన చేసింది తప్పే. కానీ ఆయన ఎందుకు దాచాడో నాకు తెలుసు, అలా దాచినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

నా పరిధిలో మొదటి పాజిటివ్ వచ్చిన ఇంటి ముందు కర్రలు కట్టారు. బ్లీచింగ్ గుమ్మం నిండా పోశారు. ఎవరో వీడియో తీసి అన్ని గ్రూపుల్లో పెట్టారు. సాయంత్రానికి పాలు పోసేవాడు మానేశాడు, నీళ్ళ క్యాన్ ఆగింది, కిరాణా అతను చిల్లర కూడా తీసుకోనన్నాడు. ఆ ఇంట్లో ఏడేళ్ళ పిల్ల కిటికీలోంచి నన్ను అడిగింది, "ఆంటీ, మేం ఏం తప్పు చేశాం?" అని.

ఆ వీడియో తిరిగిన తర్వాత ఏమైందో చూడండి. ఆ వీధిలో ఒక్కరూ జ్వరమని చెప్పలేదు. ఇంటింటికీ తిరిగి అడిగితే "ఎండలో తిరిగానక్కా, ఒళ్ళు వేడి అంతే" అనేవాళ్ళు. రాత్రి ఎనిమిదింటికి మా ఇంటి వెనకవైపు వచ్చి పారాసెటమాల్ అడిగేవాళ్ళు. నా రిజిస్టర్లో కేసులు సున్నా, నా వాకిట్లో మాత్రం చెప్పుల గుట్ట. మొదటి ఇంటికి జరిగింది చూసినవాడు రెండో ఇంట్లో నోరు విప్పడు తమ్ముడూ. మీ నాన్నగారి దాకా వచ్చిన దారి అక్కడే మొదలైందని నా నమ్మకం.

నల్లరేగడి
అక్కా, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఆయన సిగ్గుపడ్డందుకు మా ఇల్లు ఎందుకు మూల్యం కట్టాలి? నేనడిగినదానికి జవాబు ఇంకా రాలేదు.

ఏఎన్ఎమ్_అక్క
జవాబు ఉంది. తెలియాల్సింది ఊరికి కాదు, కలిసినవాళ్ళకి. ఎవరితో కూర్చున్నావు, ఎవరితో తిన్నావు అని రోగిని అడిగి రాసుకుంటాం. ఆ లిస్టులో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి "మీకు సోకే అవకాశం ఉంది, ఇన్ని రోజులు జాగ్రత్త, ఈ లక్షణాలొస్తే ఫోన్ చెయ్యండి" అంటాం. ఎవరి నుంచి అని చెప్పం. మీ నాన్నగారికి కావలసింది ఆ మనిషి పేరు కాదు, ఆ హెచ్చరిక. అది ఆయనకి అందలేదు. అది మా వ్యవస్థ తప్పు, నేను ఒప్పుకుంటాను.

లాయరు_బాబాయ్
అసలు దారి మూసే అధికారం పంచాయతీకి ఉందా అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే ఎత్తుతా. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఆ అధికారాలన్నీ ప్రభుత్వానికే ఇచ్చింది. బొంబాయి ప్లేగు కోసం బ్రిటిష్ వాళ్ళు హడావుడిగా చేసిన చట్టం, మొత్తం నాలుగే సెక్షన్లు. నాలుగోది అధికారుల మీద దావా పడకుండా కాపాడేది. మూసిపెట్టిన మనిషికి తిండి ఎవరు పెట్టాలో, కూలి పోతే ఎవరివ్వాలో ఒక్క ముక్క లేదు. పూనాలో ఇళ్ళలోకి సోల్జర్లని పంపి సోదాలు చేయించిన ప్లేగు అధికారి రాండ్‌ని చాపేకర్ సోదరులు కాల్చింది ఆ ఏడాది జూన్ 22నే. అదే చట్టంతో 2020 దాకా నెట్టుకొచ్చాం. ఏప్రిల్లో ఆర్డినెన్సు తెచ్చి వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే ఏడేళ్ళ దాకా జైలు అని చేర్చారు. అది మంచిదే. రోగి వైపు మాత్రం అప్పుడు కూడా ఏమీ చేర్చలేదు.

కోవిడ్ రోగుల ఇంటికి పోస్టర్లు అతికించడం మీద సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 9న చెప్పింది: విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అతికించకూడదు. అప్పటికి తొమ్మిది నెలలుగా దేశమంతా అతికిస్తూనే ఉన్నారు.

కొబ్బరాకు
బాబాయ్, ఇంత విషయం ఫీజు లేకుండా చెప్పారు, సంక్రాంతికి మా ఊరు రండి, పులస దొరకదు గానీ పీతల ఇగురు గ్యారంటీ.

సాంచెల_చప్పుడు
మాది సిరిసిల్ల. మా నాయన సూరత్‌ల సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపెటోడు. సూరత్‌ల మన పద్మశాలీలు ఎంతమందో మీకెరుకే. 1994 సెప్టెంబర్ల తాపి వరద తీసింది గని బురద, చచ్చిన పశువులు వీధులల్లనే ఉండె. అట్లనే ప్లేగు అని వార్త పుట్టింది.

నాయన ఎప్పుడూ చెప్పేది ఒక్కటే: ఎవ్వలూ ఏం చెప్పలే. రోగం ఎట్లొస్తది, ఏ గోలీ వెయ్యాలె, ఎన్నొద్దులు వెయ్యాలె, తెలుగుల కాదు గదా గుజరాతీల గూడ సక్కగ చెప్పినోడు లేడు. ప్రైవేటు డాక్టర్లు చానామంది దవాఖానలకు తాళమేసి పోయిన్రు. తాళం చూసినంక కూలోడు ఆగుతడా? ప్లేగుకు వేసే టెట్రాసైక్లిన్ గోలీ దుకాణాలల్ల దొరకకపాయె. కొన్నొద్దులల్లనే లక్షల మంది స్టేషన్ దిక్కు ఉరికిన్రు. నాయన బోగీ తలుపు కాడ ఒంటికాలు మీద వచ్చిండు.

ఇంటికొస్తే మా నాయినమ్మ వాకిట్లనే నిలబెట్టి వేపాకు మరిగిచ్చిన నీళ్ళు పోసి, ఆయన బట్టల సంచి గడ్డివాము పక్కన కాలవెట్టింది. ఆ సంచిల మా అక్క పెండ్లికని కొన్న చీర ఉండె. చెప్పే సందు గూడ ఇయ్యలే. అటెన్క ఇరవై ఏండ్లు ఊర్ల ఆయన పేరు ప్లేగాయన.

దేశమంత కలిపి ఆ ప్లేగుకు చచ్చిపోయింది అరవైకి లోపే. మందు ఉన్న రోగం అది. మందు ఉండి, దాని గురించి మాట లేకుంటే ఇట్లయితది.

నల్లరేగడి
అంటే పారిపోవడం తప్పంటారా? పారిపోయినవాళ్ళు దేశమంతా మోసుకుపోయి ఉంటే?

సాంచెల_చప్పుడు
తప్పని నేననలేను అన్నా. గదికి పన్నెండు మంది, సాంచె బందైతే కూలి లేదు, డాక్టర్ లేడు. ఆగుమని చెప్పే హక్కు, ఆగినోనికి బువ్వ పెట్టేటోనికే ఉంటది. కాకుంటే 1995ల సూరత్ మున్సిపాలిటీకి కమిషనర్‌గ సూర్యదేవర రామచంద్రరావు అని ఐఏఎస్ వచ్చిండు. "ఏసీ నుంచి డీసీ" అన్నడు, అంటే ఏసీ రూములకెల్లి లేచి రోజూ వీధి పనిల ఉండాలె అని. కమిషనర్‌తో సహా అఫీసర్లు పొద్దుగాల్నే గల్లీలల్ల తిరిగేది. చెత్త, మోరీలు, నీళ్ళు. ఏడాదిన్నర తిరగకముందే సూరత్‌కు దేశంల రెండో శుభ్రమైన నగరమని పేరొచ్చింది. నాయన మళ్ళ పోయి, ఇంకో పన్నెండేండ్లు అక్కడ్నే పనిచేసిండు. ఇగ నాకైతే కంప మీద పెట్టే పానం మోరీ మీద పెట్టాలె అనిపిస్తది.

ల్యాబ్‌విజయ
ఇదే చెప్పాలని చూస్తున్నాను. "రోగం" అని ఒకటే మాట రాస్తే ప్రణాళిక పనికిరాదు. ఏ దారిన వస్తుందో చూసి రాయాలి. డెంగ్యూకి మనుషుల్ని ఆపి ఏం లాభం, దోమ కంప మీంచి ఎగిరొస్తుంది. అక్కడ నీళ్ళ తొట్లు, పాత టైర్లు చూడాలి, రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచాలి. గత్తర (కలరా) లాంటివైతే దారి కాదు, ట్యాంకు చూడాలి. కోవిడ్‌లో లక్షణాలు లేనివాళ్ళూ అంటించారు, కాబట్టి చెక్‌పోస్టు దగ్గర నుదుటికి థర్మామీటర్ పెట్టి పంపితే సగం పనే అయినట్టు.

కార్యదర్శి గారూ, మీ ట్యాంకుకి వాడే బ్లీచింగ్ సంచి ఎప్పుడు విప్పారో చూడండి. మూతి కట్టకుండా తేమలో వదిలేస్తే అందులో క్లోరిన్ పోయి ఉత్త సున్నం మిగులుతుంది. మేం ఒక ఊరికి వెళ్తే రోజూ శ్రద్ధగా కలుపుతున్నారు, నీళ్ళలో క్లోరిన్ మాత్రం లేదు. కలిపిన గంట తర్వాత లీటరుకి 0.5 మిల్లీగ్రాములు ఉండాలి. నీళ్ళలో క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్ పెట్టె మీ దగ్గర ఉంటే దుమ్ము దులిపి చూడండి.

చెరువుగట్టు
విజయ గారూ, మీరు చెప్పంగనే పొయ్యి చూసిన. సంచి మూతి తెరిచే ఉంది. ఎప్పుడు విప్పిన్రో వాటర్‌మన్‌కు గూడ యాదికి లేదు. గిలాసల వేసి కలిపితే వాసన గూడ సక్కగ లేదు. రేపే కొత్తది తెప్పిస్త. ఇగ చెప్పున్రి, మనుషుల్ని యాడ ఉంచాలె? హోమ్ ఐసోలేషన్ అని రాస్తే మా ఊర్ల సగం ఇండ్లు ఒక్కటే అర్ర.

సాగర్_నీళ్ళు
మా నల్గొండ జిల్లాలో 2021 మేలో ఏం జరిగిందో గుర్తుందా? కొత్తనందికొండ తండాలో చదువుకునే కుర్రాడికి పాజిటివ్ వచ్చింది. ఇల్లంతా ఒకే గది. అమ్మానాన్నలకి అంటుతుందని చెట్టెక్కి, కొమ్మల మధ్య వెదురుబద్దలతో మంచె కట్టుకుని 11 రోజులు దాని మీదే ఉన్నాడు. తిండి తాడుకట్టి బకెట్లో పైకి లాక్కునేవాడు. పేపర్లన్నీ వాడి తెలివిని మెచ్చుకున్నాయి. నాకు మాత్రం గుండె మండింది. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి ఉన్న ముందుచూపు, మన యంత్రాంగానికి లేకపోయింది. గది చూపించకుండా "ఇంట్లో విడిగా ఉండు" అనడం అన్యాయం.

తుంగభద్ర_తీరం
ఊళ్ళ కంపల గురించి మాట్లాడుకుంటున్నాం, రాష్ట్రాలు కూడా కంప కొట్టాయి. 2020 మార్చి లాక్‌డౌన్ మొదట్లో హైదరాబాద్ హాస్టళ్ళు మూస్తే, పోలీసుల పాసులు తీసుకుని బయల్దేరిన ఆంధ్ర పిల్లల్ని సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేశారు. ఆడపిల్లలు రోడ్డు మీదే. 2021 మేలో ఉల్టా, ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులని తెలంగాణ సరిహద్దులో ఆపారు. కర్నూలు వాళ్ళకి పెద్ద జబ్బంటే హైదరాబాదే దిక్కు. మే 14న తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చేదాకా అంతే. ఒకే భాష, ఒకే హైవే. రెండు వైపులా ఒకే తప్పు చేశాం, ఏడాది తేడాతో.

బస్తీ_దవాఖాన
తుంగభద్ర గారూ, నేను కొంచెం విభేదిస్తా. ఆ మేలో ఇక్కడ హైదరాబాద్‌లో బెడ్డు లేక రోగులు కుర్చీలలో ఆక్సిజన్ పెట్టించుకున్నారు. ఉన్న బెడ్డు ముందు ఎవరికివ్వాలి అన్నది ఉత్త దుర్మార్గం కాదు, నిజమైన చిక్కు.

తుంగభద్ర_తీరం
చిక్కే, కాదనను. అయితే ఎవరికి ముందు అన్నది జబ్బు తీవ్రత చూసి డాక్టరు తేల్చాలి. బండి నంబరు ప్లేటు చూసి తేల్చకూడదు.

బస్తీ_దవాఖాన
ఈ మాటకి నేను ఒప్పుకుంటున్నా.

భద్రాద్రి_మన్యం
ఇంకో ముచ్చట. రోగం వచ్చినప్పుడు జనం నమ్మాలంటే రాకముందు ఏం చేశామన్నది ముఖ్యం. మా వైపు 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు పెట్టారు. హాస్టల్లో ఉన్న పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, దానికి టీకా కారణమని తేలలేదు, టీకా మంచిదే. అయినా అమ్మానాన్నలని అడగలేదన్న మాట మా గూడేల్లో ఇంకా ఉంది. కోవిడ్ టీకాకి వెళ్తే ఒక ముసలమ్మ నన్నడిగింది: "ఈసారైనా మమ్మల్ని అడిగే వేస్తారా బాబూ?"

డెర్బీషైర్_లక్ష్మి
ఇంగ్లండులో నేనుండే చోటికి దగ్గర్లో ఈమ్ అని కొండ మీద ఊరుంది. 1665లో ప్లేగు వస్తే వాళ్ళ పాస్టరు మాంపెస్సన్ మాట మీద ఊరు తనకి తానే గిరి గీసుకుంది. లోపల రోగముంది, బయటికి పోకూడదని. పొలిమేర రాయికి చిన్న చిన్న గుంటలున్నాయి, నేను వేలు పెట్టి చూశాను. వాటిలో వెనిగర్ పోసి నాణేలు పెట్టేవాళ్ళట. బయటి ఊళ్ళవాళ్ళు తిండి పెట్టి ఆ డబ్బు తీసుకెళ్ళేవాళ్ళు. మన కంప బయటివాడు రాకుండా. వాళ్ళది తమ రోగం బయటికి పోకుండా.

నల్లరేగడి
వినడానికి బావుంది లక్ష్మి గారూ. కానీ ఆ గిరి లోపల చిన్నపిల్లలు కూడా ఉన్నారు కదా, వాళ్ళని ఎవరడిగారు? పోయినవాళ్ళలో ఎంతమంది నిజంగా ఒప్పుకుని ఉన్నారో మనకి తెలియదు.

డెర్బీషైర్_లక్ష్మి
నిజమే. అదే రోజంతా నా మనసులో తిరిగింది. పాస్టరు తన పిల్లల్ని మాత్రం ముందే పంపించేశాడు. భార్య ఉండిపోయి అక్కడే పోయింది.

వంశధార
శ్మశానం గురించి ఎవరూ ఎత్తలేదు. 2020 జూన్‌లో మా పలాసలో రోగి శవాన్ని జేసీబీ తొట్టిలో తీసుకెళ్ళారు. వీడియో దేశమంతా చూసింది, ఇద్దరు అధికారుల్ని సస్పెండ్ చేశారు. సస్పెండ్ చేస్తే సరిపోలేదు. ఆ రోజు శవాన్ని ఎవరు ఎత్తాలి, వాళ్ళకి ఏం తొడుగులివ్వాలి, ఏ బండి అని ముందే తేల్చుకోలేదు, అక్కడ జరిగింది అదే. కార్యదర్శి గారూ, దయచేసి మీ కాగితంలో ఇది రాయండి. పేర్లతో రాయండి. అప్పుడు వెతుక్కుంటే జేసీబీయే దొరుకుతుంది.

గోదారిగట్టు
పేర్లతో అంటే, ఒప్పుకున్నవాళ్ళ పేర్లే. ఎప్పుడూ ఆ పని ఒకే వాడ మీదికి తోసేస్తాం మనం. రోగం పేరుతో అదే మళ్ళీ చేస్తే ఊరుకోకండి.

వంశధార
గట్టిగా చెప్పారు. ఔను.

మిర్చికల్లం
ఊరివాడు అనే మాట రాసేటప్పుడు కూడా చూసుకోండి. మా ములుగు వైపు మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తారు. 2020 ఏప్రిల్లో పేరూరు నుంచి పన్నెండేళ్ళ పిల్ల తోటివాళ్ళతో అడవిదారిన బీజాపూర్‌కి బయల్దేరి, మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాస్త దూరమనగా చచ్చిపోయింది. రోగం కాదు, నడక. పని ఆగింది, తిండి ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు మా కల్లంలో ఉన్నవాళ్ళు మా లెక్కలో మనిషి కారు. రేషన్ కార్డు లేదు గదా అన్నాం. నేనూ అన్నాను.

చెరువుగట్టు
నిన్న రాత్రి గ్రామసభ అయింది. మీరు రాసినయన్నీ సదివి వినిపిచ్చిన. "ఎవలో తెల్వనోళ్ళ మాట మనకెందుకు" అన్నరు కొందరు. "కంప పాప" ముచ్చట కాడ మాత్రం అందరూ సప్పుడు జెయ్యలే.

మొదటి లైను మారింది. కంప లేదు, వెదురుగడ గేటు. గేటు కాడ వంతుల చొప్పున ఇద్దరు మనుషులు, రాత్రి గూడ. నొప్పులు, డయాలసిస్, గుండెనొప్పి, పాముకాటు, వీటికి అడుగుడు లేదు, తెరుసుడే. ఊరి మనిషి యాడికెల్లి వచ్చినా, కూలికి వచ్చి ఊర్ల ఉన్నోళ్ళయినా, ఎనుకకు పంపుడు లేదు. గవర్నమెంటు ఆర్డర్ లేకుంట గేటు గూడ వెయ్యం, ఇది బాబాయ్ పుణ్యం.

బడిల రెండు అర్రలు విడిగ ఉంచాల్సినోళ్ళకు. బువ్వ మహిళా సంఘం వండుతది, పైసలు పంచాయతీవి. పేరు ఊర్ల చెప్పుడు లేదు, వీడియోలు తీసుడు లేదు. నల్లరేగడి అన్న కోసం ఒక లైను పెట్టినం: కలిసినోళ్ళకు అదే దినం, పొద్దుగూకకముందే ఏఎన్ఎమ్ పొయ్యి చెప్పాలె. ఆమె రాకుంటే ఆశ కార్యకర్త, ఆమె గూడ రాకుంటే నేను.

శవం ముచ్చట తెగలే. ముగ్గురు పిల్లగాండ్లు ముందుకొచ్చిన్రు, మూడు కులాలోళ్ళు. ఇద్దరి ఇండ్లల్ల ఒప్పుకుంటలేరు. ఒక పెద్దమనిషి మొత్తానికే సంతకం పెట్టలే, లేచి పోయిండు. మళ్ళ అడుగుత.

భివండి నుంచి వచ్చినాయన గూడ వచ్చిండు. ఎనుక గోడకు ఒరిగి కూసున్నడు. ఆఖర్ల లేచి ఒక్కటే అడిగిండు, "బడిల లెట్రిన్‌కు తలుపు పెట్టిస్తరా?" పెట్టిస్త అన్న. కాగితం మీద రాస్తుంటే వచ్చి పక్కన నిలబడి చూసిండు.

నల్లరేగడి
పొద్దుగూకకముందే అన్న మాట చాలు నాకు. థాంక్స్.

ఏఎన్ఎమ్_అక్క
తలుపుకి లోపలివైపు గడియ అని కూడా రాయండి తమ్ముడూ. ఆడవాళ్ళూ ఉంటారు.